రెండు చెంచాల టానిక్

మార్చి 4, శనివారం

నిన్న ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాను. అక్కడ ఎనిమిది రాత్రులు. మొదటి మూడు నాకు సరిగ్గా గుర్తు లేవు, మా ఆవిడకు బాగా గుర్తున్నాయి. అడిగితే చెప్పదు. తాగుడు మానేసి ఈరోజుకు పది రోజులు.

డైటీషియన్ ఒక చార్ట్ ఇచ్చింది. ఏ మాత్ర వేసుకున్నాను, ఏం తిన్నాను, ఎన్ని గంటలు పడుకున్నాను, చేతులు వణికాయా లేదా, అన్నీ రాయాలి. ఒక్కో గడి వేలిగోరంత ఉంది. నేను చెప్పుకోవాల్సింది అందులో పట్టదు. అందుకే ఎవరో కొత్త సంవత్సరానికి షాపులో ఇచ్చిపోయిన ఈ డైరీ తీశాను. ఎవరూ చదవరు కాబట్టి అబద్ధాలు రాయక్కర్లేదు.

పొద్దున థయామిన్, బి కాంప్లెక్స్, ఫోలిక్ యాసిడ్. రాత్రి భోజనం అయ్యాక మెగ్నీషియం. ఇన్నేళ్లు తిండి మానేసి తాగావు, ఒంట్లో విటమిన్లన్నీ ఊడ్చుకుపోయాయి, ముందు అవి నింపాలి అన్నాడు డాక్టరు. మాత్రలు నీ చేత తాగుడు మాన్పించవు, మానేశాక కాస్త ఊతమిస్తాయి, మిగతాది నువ్వే నడవాలి అని కూడా అన్నాడు.

మార్చి 5

పొద్దున బాత్రూంలో హడలిపోయి మా ఆవిడను కేకేశాను. అంతా నిమ్మపండు రంగు. బి కాంప్లెక్స్ వల్లేనట, డాక్టరు చెప్పాడట, నేనే వినలేదట. పెళ్లయిన పదహారేళ్లలో నన్ను పిలిచి చూపించింది ఇదా అంది. చాలా నెలల తర్వాత నవ్వింది.

మార్చి 8, బుధవారం

షాపుకు వెళ్లాను. సెలూన్ అన్నయ్యదీ నాదీ. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, ఒక రేడియో. నిజానికి రేడియో దండగ, అన్నయ్య నోరు చాలు. ఆయన కుర్చీలో కూర్చున్నవాడికి కటింగ్‌తో పాటు లోకంలోని వార్తలన్నీ ఉచితం. నా కుర్చీ అలా కాదు. నా కుర్చీలో మనుషులు నిద్రపోయేవారు. గొంతు మీద కత్తి ఉండగానే. మామయ్య అయితే గురక పెట్టేవారు.

మామయ్య అంటే మా ఆవిడ నాన్నగారు. ప్రెస్‌లో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వచ్చి నా కుర్చీలోనే కూర్చునేవారు. నవంబరులో ఒక ఆదివారం చేతులు వణుకుతున్నాయని వెనక గదిలోకి వెళ్లి ఒక గుక్క వేసుకుని వచ్చాను. గడ్డం కింద తెగింది. మూడు కుట్లు పడ్డాయి. టవల్ నొక్కి పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయారు. అప్పటి నుంచి గడ్డం పెంచుతున్నారు. ఎవరడిగినా బద్ధకం అని చెబుతారట.

ఆరోజే అన్నయ్య నా కత్తి సొరుగులో పడేసి తాళం వేశాడు. అది తిరిగివ్వడానికి ఈరోజు షరతు చెప్పాడు. మానేసిన రోజు నుంచి లెక్కపెట్టి నలభై రోజులు చుక్క ముట్టకూడదు. వరసగా పది బెలూన్లు పగలకుండా గీయాలి. నాన్న మాకు పని నేర్పింది బెలూన్ల మీదే. ఊది, నురుగు పూసి, కత్తితో గీయాలి. పదమూడో ఏట చేసిన పని నలభై నాలుగో ఏట మళ్లీ మొదలు. సిగ్గుపడకురా, బెలూన్‌కి కుట్లు పడవు అన్నాడు. సాధన చేయడానికి నాన్న వాడిన పాత కత్తి ఇచ్చాడు.

స్పిరిట్ ఉండే ఆఫ్టర్ షేవ్ సీసాలు కూడా ఆ సొరుగులోకే చేరాయని సాయంత్రం గమనించాను. దాని గురించి అన్నయ్య ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకుండా ఊరుకున్న విషయం నాకు తెలిసి అదొక్కటే.

మార్చి 9

నాలుగు బెలూన్లు. నాలుగూ పగిలాయి. చెవుల్లో కూడా నురుగు.

మార్చి 14, మంగళవారం

నిద్ర ఐదు గంటలు. ఆకలి అంతంతమాత్రం.

అన్నయ్య సప్లిమెంట్ల షాపుకు వెళ్లి బకెట్టంత ప్రోటీన్ పొడి డబ్బా మోసుకొచ్చాడు. డబ్బా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ. రోజుకు మూడు గ్లాసులు తాగితే నెలలో వణుకు మాయమవుతుందని అమ్మినవాడు హామీ ఇచ్చాడట. డైటీషియన్‌కు ఫోన్ చేశాను. అమ్మినవాడు నీ లివర్ రిపోర్టు చూశాడా అని అడిగింది. గుడ్డు, అరటిపండు, వేరుశెనగలు, ఆకుకూర, వేళకు భోజనం, రాసిచ్చిన మాత్రలు, ఇంకేమీ వద్దంది. డబ్బా వృథా కాకూడదని ఇప్పుడు అన్నయ్యే తాగుతున్నాడు. మాట్లాడే ఓపిక రెట్టింపైంది.

మా ఆవిడ ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు సరిచేస్తుంది. ఒకరి మొహం చూస్తే చాలు, గీసేస్తుంది. నా బెలూన్లకు మార్కర్‌తో కళ్లూ ముక్కూ వేయడం మొదలుపెట్టింది. మొహం ఉంటే జాగ్రత్తగా గీస్తావు అంది. నిజమే. ఈరోజు ఆరింటిలో నాలుగు బతికాయి.

మార్చి 19, ఆదివారం

మామయ్య వచ్చారు. షాపుకు కాదు, ఇంటికి. నవంబరు తర్వాత మా గడప తొక్కడం ఇదే. నేను తలెత్తలేకపోయాను. ఆయన సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టారు. బలానికి టానిక్. ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది, ఇరవై ఏళ్లుగా రోజూ రాత్రి భోజనానికి ముందు రెండు చెంచాలు వేసుకుంటున్నాను, నన్ను చూడు అన్నారు. జన్మలో చుక్క ముట్టనివాడిని అని ఎప్పుడూ చెప్పే మాట కూడా చెప్పారు. నన్ను దెప్పడానికి కాదు, అలవాటు కొద్దీ.

డాక్టరును అడగాలని మా ఆవిడ అంది. మీ నాన్నగారు తెచ్చింది కూడా అనుమానించాలా అన్నాను నేనే. ఆయన తెచ్చారన్న సంతోషంలో సీసా అంతా ఒకేసారి తాగమన్నా తాగేవాడిని.

మార్చి 22, బుధవారం

ఏడు గంటలు నిద్ర. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఎనిమిది బెలూన్లు, ఒక్కటీ పగల్లేదు. చార్ట్‌లో డైటీషియన్‌కు నచ్చేలా అన్ని గడులూ నిండాయి. టానిక్ మంచిదే. ఏడింటికి వేసుకుంటే కడుపులో వెచ్చగా ఉంటుంది.

మార్చి 24, సాయంత్రం 6:40

ఇంకా ఇరవై నిమిషాలు. ఇది మూడోసారి గడియారం చూడటం.

మార్చి 25, శనివారం

రాయాలి. రాయకపోతే మళ్లీ మొదటికొస్తాను.

ఈరోజు ఏడు కాకముందే సీసా దగ్గరికి వెళ్లాను. చెంచా కోసం చూడకుండా మూతతో పోసుకున్నాను. అది మూడో మూత అని నోట్లో పోసుకున్నాక తెలిసింది. మూత కడిగి, తుడిచి, సీసాను ముందు ఎలా ఉందో అలాగే తిప్పి పెట్టాను. చెయ్యి ఆ పని దానంతట అదే చేసింది. పద్నాలుగేళ్లు చేసిన పని కదా. టానిక్‌ను ఎవరైనా దాచిపెట్టి తాగుతారా?

లేబుల్ మీద అక్షరాలు చీమకాళ్లంత ఉన్నాయి. మా ఆవిడకు సీసా ఇచ్చి చూడమన్నాను. ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసింది. ఇనుము, బి విటమిన్లు, ఇంకేవో. చివరి వరుసలో ఆల్కహాల్, పది శాతం. ఆమె నా మొహం చూసింది. నేను నీళ్లు నమల్లేదు. మూడు మూతల సంగతి చెప్పేశాను.

ఇంకొకటి కూడా చెప్పాను. బుధవారమే నాకు తెలుసు. ఆ వాసన నాకు తెలియకపోవడమేమిటి? ఆ వెచ్చదనం తెలియకపోవడమేమిటి? తెలిసీ లేబుల్ చదవలేదు. మామయ్య ఇచ్చింది అనే మాట అడ్డం పెట్టుకున్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. సీసా మూత బిగించి, అన్నం తిందాం రా అంది.

మార్చి 27, సోమవారం

డాక్టరు దగ్గరికి సీసాతో సహా వెళ్లాను. చదివి తల పట్టుకున్నాడు. రక్తం తీయించాడు, నాడి చూశాడు, చేతులు చాపమన్నాడు. ఫరవాలేదన్నాడు. ఇకమీదట బలానికని ఎవరేమిచ్చినా ముందు తనకు చూపించాలట. బయటికి వచ్చేటప్పుడు, దొరికిపోకముందే నువ్వే చెప్పావు, అది ఏ మాత్రా చేయించలేదు అన్నాడు. ఆ మాట దారంతా నాతో వచ్చింది.

అక్కణ్నుంచి షాపుకు. అన్నయ్యకు అంతా చెప్పాను. మామయ్య ఇచ్చింది, నీకు తెలియక తాగావు, ఆ వారం రోజులు తీసేసి లెక్కపెడదాంలే అన్నాడు. తెలియక కాదు అన్నాను. నిన్నటి నుంచి ఒకటి అని రాసుకో అన్నాను. కత్తి ఏప్రిల్ మూడున చేతికి రావాల్సింది, ఇక మే నాలుగున. అన్నయ్య లెక్క మార్చి రాసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన కస్టమరుకు పూర్తిగా మౌనంగా కటింగ్ చేశాడు. అతను ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

మార్చి 28

మామయ్యకు చెప్పాలా వద్దా అని పగలంతా కొట్టుమిట్టాడాను. చెప్పకపోతే ఆయన తెచ్చిన సీసా నేను పారబోశానని అనుకుంటారు. చెబితే చుక్క ముట్టలేదని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్న మాట పోతుంది. రెండూ నా వల్లే.

వెళ్లి చెప్పాను. నమ్మలేదు. తన సీసా తెచ్చి, భూతద్దం తెచ్చి, కిటికీ దగ్గర నిలబడి చదివారు. ఎంత పెద్ద పుస్తకంలోనైనా తప్పు పట్టేసే మనిషి, తన సీసా మీది ఆఖరి వరుస ఇరవై ఏళ్లు చదవలేదు. ఎర్ర పెన్సిల్ తీసి ఆ వరుస కింద గీత గీశారు. అత్తయ్య వంటింట్లోంచి, రెండు చెంచాలైతే సీసా వారానికే ఎలా అయిపోతుందా అని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను అంది.

నవ్వు ఆపుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. వీధి మలుపు తిరిగాక నవ్వాను. తర్వాత దిగులేసింది.

ఏప్రిల్ 3

కత్తి రావాల్సిన రోజు. రాలేదు. పది బెలూన్లు వరసగా గీశాను, ఒక్కటీ పగల్లేదు. మామయ్య నుంచి ఫోన్ లేదు. బెలూన్లలో ఒకదానికి మా ఆవిడ గడ్డం వేసింది. ఎవరని అడగలేదు. దాని మీద మాత్రం కత్తి పెట్టలేకపోయాను. పక్కన పెట్టేశాను. అది సాయంత్రం దాకా షాపులో నేల మీద దొర్లుతూ తిరిగింది.

ఏప్రిల్ 10, ఉదయం 6:15

మామయ్య ఫోన్ చేశారు. టానిక్ మానేశారట. నిద్ర సరిగ్గా పట్టడం లేదట. డాక్టరును అడిగితే అలవాటు తప్పింది కాబట్టి కొన్నాళ్లు అంతే అన్నాడట. నువ్వు ఏం చేస్తున్నావని నన్ను అడిగారు. నన్ను. వేళకు భోజనం, సాయంత్రం ఒక అరటిపండు, కాసేపు నడక, పడుకునే ముందు గోరువెచ్చని పాలు అని చెప్పాను. నా మెగ్నీషియం మాత్ర మాత్రం అడగకుండా వేసుకోవద్దన్నాను. నా డాక్టరు గొంతు నా నోట్లోంచి వస్తుంటే నాకే వింతగా ఉంది. రాసుకుంటున్నాను, మెల్లగా చెప్పు అన్నారు.

ఏప్రిల్ 21

ఇప్పుడు రోజూ ఆరుంపావుకు ఫోన్. ఎన్ని గంటలు? ఆరు. మీరు? ఐదున్నర. అరటిపండు? తిన్నాను. అంతే, పెట్టేస్తారు. మీరిద్దరూ స్టాకు లెక్కలు చెప్పుకుంటున్నట్టుంది అంటుంది మా ఆవిడ. సంతోషంగా ఉన్నాను. రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది కానీ నిజం.

మే 4, గురువారం

అన్నయ్య పొద్దున్నే సొరుగు తెరిచాడు. కత్తి నా చేతిలో పెట్టి నా కుర్చీలో కూర్చున్నాడు. ముందు నాకు గియ్యి అన్నాడు. గీస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. గొంతు కింద గీసేటప్పుడు కూడా. నోరు మూసుకోకపోతే తెగుతుంది అన్నాను. నీ చెయ్యి తిన్నగా ఉందిరా, అందుకే మాట్లాడుతున్నాను అన్నాడు. అద్దంలో చూస్తే ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నురుగు పడిందన్నాడు.

మే 7, ఆదివారం

సరిగ్గా ఎనిమిదింటికి మామయ్య షాపుకు వచ్చారు. కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన బెంచీ మీద కూర్చుని పేపరు తీశారు. ఎర్ర పెన్సిల్‌తో మూడు తప్పులు దిద్దారు. ఎనిమిదిన్నరకు లేచి, వస్తాను అని వెళ్లిపోయారు. నేను కుర్చీ తుడుస్తూనే ఉన్నాను. రేపటి ఫోన్‌లో దీని గురించి అడగను.

మే 13, ఉదయం 6:15

ఆరు గంటలు. మీరు? ఏడు. పెట్టేయలేదు. ఎండలకు గడ్డం దురద పెడుతోంది అన్నారు. రేపు షాపు ఉందా అని అడిగారు. ఇరవై ఏళ్లుగా ఆదివారం తెరిచే ఉంటుందని ఆయనకు తెలుసు. ఉంటుంది మామయ్యా అన్నాను.

మే 14, ఆదివారం, ఉదయం 8:50

గడ్డం గీయడం అయిపోయి పావుగంట దాటింది. లేపలేదు. అన్నయ్యను మాట్లాడవద్దన్నాను. గురక.