ఎలుకను అడిగిన పన్ను

హైదరాబాదు, 12-8-2008

అమ్మా, నేను బాగానే ఉన్నాను. నా పిల్ల బడికెళ్ళాక ఈ కార్డు తమ్ముడి చేత చదివించుకో. ఫోనులో చెబితే అది నీ పక్కనే నిలబడి వింటుంది.

బోరింగు పంపు కర్ర తగిలి దానికి ఊడింది పాలపన్ను కాదమ్మా. ప్రవల్లికకు తొమ్మిదేళ్ళు, ముందుపళ్ళు ఎప్పుడో మారాయి. నువ్వేమో ఊడిన పన్నును ఇంటి పెంకుల మీదికి విసిరి, "ఎలకపన్నే వత్తాది, బెంగెట్టుకోకు" అన్నావు. అప్పుడే కొబ్బరినీళ్ళలో వేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తి ఉంటే అతికేదేమో.

నేనిక్కడ ల్యాబులో రోజూ చూసేది ఎలుకల పళ్ళే. వాటి ముందుపళ్ళ మొదట్లో మూలకణాలు బతికినన్నాళ్ళూ ఉంటాయి. చుట్టూ ఉన్న కణాల్లో కొన్ని వాటిని పెరగమంటాయి, కొన్ని ఆగమంటాయి. అందుకే ఆ పన్ను అరిగినంత మేరే పెరుగుతుంది. మన పన్ను తయారయ్యాక అలా పెంచే కణాలు మిగలవు.

కార్డు అందగానే పిల్లను పలాస తీసుకెళ్ళి పళ్ళ డాక్టరుకు చూపించు. కొబ్బరికాయలు దింపించారా? నాన్న మోకాలు ఎలా ఉంది? ఆయనకు నా దండాలు చెప్పు.

పన్ను మొలిచిందేమోనని పిల్ల రోజూ వేలు పెట్టి చూసుకుంటోందట. మొన్న ఫోనులో, "అమ్మా, నీకాడ బోల్డు ఎలకలున్నాయి గదా, ఓ పన్ను అడిగి తేవా?" అంది.

పన్ను రాదని నువ్వే చెప్పాలమ్మా. అది నమ్మింది నీ మాటే.

దమయంతి