చుక్కల గుత్తిలో మచ్చ

కైకలూరు,
ఆదివారం పొద్దున్న.

అన్నయ్యకు,

నీ చెల్లెలు పద్మ నమస్కారాలు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదిన ఒంట్లో బాగుందా? పెంటపాడులో నాట్లు మొదలయ్యాయా, నారుమళ్ళు వానకి మునగలేదు కదా? ఇక్కడ మీ బావగారు కులాసాగా ఉన్నారు. చెరువులో చేప కూడా బాగానే ఉంది. నా సంగతి కింద రాస్తున్నాను. ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించకు. నువ్వు చదివాక వదినకి ఇవ్వు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న ఫోనులో నన్ను రెండు మాటలు కూడా పూర్తిగా చెప్పనివ్వలేదు. అందుకే స్కెచ్ పెన్నుతో పెద్దపెద్ద అక్షరాలు రాసి మీ బావగారి చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన నీ ఎదురుగానే కూర్చుంటారు. ఆఖరిదాకా చదువు.

మేం ఇక్కడికొచ్చి ఏడాదిన్నర అయింది. పెంటపాడు నుంచి కైకలూరు ఎంత దూరమని? పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకి ముందే చేరిపోవచ్చు. అయినా దేశం మారినట్టే ఉంది అన్నయ్యా. వరిచేల మధ్య పుట్టినదాన్ని, ఇక్కడ ఎటు చూసినా చెరువు గట్లే. తాగే నీళ్ళు డబ్బాల్లో రావాలి. చేపల మేత వాసన దుప్పట్లకి కూడా పట్టేసింది. నీళ్ళు చిలికి చేపకి గాలి అందించే చక్రాలు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. ఆ చప్పుడు ఆగిందంటే మీ బావగారు కంచం ముందు నుంచి లేచి పరుగెత్తుతారు. ఆయన గట్టు మీదకి వెళ్ళిపోయాక పలకరించే మనిషి లేక, నాలో నేనే పాఠం చెప్పుకున్న రోజులున్నాయి. గూడెం కాలేజీలో పన్నెండేళ్ళు ఫిజిక్సు చెప్పిన నోరు ఊరుకోదు కదా. వదిన పంపిన మాగాయ ఉండబట్టి నాలుగు మెతుకులు తింటున్నాను. బెంగపడకండి, తింటూనే ఉన్నాను.

ఇక్కడ చుక్కలు కనబడవు. గట్ల పొడుగునా లైట్లే. అందుకే పోయిన చలికాలం నుంచి ఇంటర్నెట్‌లో టెలిస్కోపు అద్దెకి తీసుకుంటున్నాను. నీకు చెబితే "చీకటిని కూడా అద్దెకి తెచ్చుకుంటున్నావటే" అన్నావు. నిజంగా అంతే. ఆ టెలిస్కోపు దక్షిణ అమెరికాలో ఎడారి కొండ మీద ఉంది. మనకి పొద్దున్న ఎనిమిదైతే అక్కడ రాత్రి. మీ బావగారు టిఫిను తిని వెళ్ళగానే నేను లాప్‌టాప్ తెరిచి, ఏ దిక్కుకి తిప్పాలో, ఎన్ని నిమిషాలు తెరిచి ఉంచాలో రాసి పంపిస్తాను. అక్కడ అది తిరుగుతుంది, ఫొటో తీస్తుంది, కాసేపటికి ఇక్కడ నా వంటింటి బల్ల మీద పడుతుంది. టెలిస్కోపుల్ని కనిపెట్టుకుని ఉండే మార్తా అనే ఆవిడ ఏదైనా అడిగితే ఇంగ్లీషులో జవాబు రాస్తుంది.

నేను ఎక్కువగా తీయించుకునేది ఒకటే, దక్షిణాన ఉండే పెద్ద చుక్కల గుత్తి. లక్షల చుక్కలు ఒకచోట ముద్దగా ఉంటాయి. నల్లటి చాటలో నూకలు కుప్ప పోసినట్టు ఉంటుంది. మొదటిసారి చూసిన రోజు అన్నం వార్చడం మర్చిపోయాను.

బడులు తెరిచిన కొత్తలో ఆ ఫొటోలో మచ్చ కనబడింది. సరిగ్గా నడిమధ్యన, చుక్కలు చిక్కగా ఉన్నచోట, ఎవరో తడి బొటనవేలు పెట్టి తీసినట్టు. కెమెరా మీద దుమ్ము పడిందనుకుని మార్తాకి రాశాను. ఆవిడ చూసి శుభ్రంగానే ఉందంది. మర్నాడు మళ్ళీ తీయించాను. అక్కడే మచ్చ. మీ బావగారికి చూపిస్తే, నాకేమీ కనబడట్లేదు, అన్నీ చుక్కలే కదా అన్నారు. ఆయనకి ఆకాశం గొడవ పట్టదు కదా అని ఆ మాట లెక్కచేయలేదు. దూరాన ఉన్నవాళ్ళం ఏమీ చేయలేమనే కదా ఇలా పాడైపోయిన యంత్రాలు అద్దెకిస్తున్నారని మార్తాకి ఘాటుగా రాశాను. రాసినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆవిడ కోప్పడలేదు. అదే రోజు వేరే టెలిస్కోపుతో ఇంకెవరో తీసుకున్న ఫొటో పంపింది. అందులోనూ మచ్చ ఉంది. రెండు యంత్రాల మీద ఒకేచోట దుమ్ము పడదు. ఆ ఫొటో కింద ఆవిడ రాసిన మాట ఇది: "ఫొటోని పక్కకి జరిపి చూడండి మేడమ్. మచ్చ ఫొటోతో పాటు జరుగుతోందా, మీ చూపుతో పాటు జరుగుతోందా?"

జరిపాను. చుక్కలు జరిగాయి. మచ్చ నేను ఎటు చూస్తే అటు వచ్చింది.

లాప్‌టాప్ మూసి గోడ మీద కాలెండరు చూశాను. చూసిన తారీఖల్లా మాయమవుతోంది, చుట్టుపక్కల తారీఖులు ఉంటున్నాయి. కిటికీలోంచి చెరువు గట్టు చూశాను. వరసగా పాతిన కరెంటు స్తంభాలు మధ్యలో నడుం విరిగినట్టు వంగి ఉన్నాయి. ఎడమ కన్ను మూసుకుంటే ఇంకా ఎక్కువ వంగాయి. గట్టు మీద మీ బావగారు నాకేసే చెయ్యి ఊపుతున్నారు. ఆయనకి మొహం లేదు అన్నయ్యా. చొక్కా ఉంది, చెయ్యి ఉంది, మొహం ఉండాల్సినచోట ఏమీ లేదు.

ఏలూరు కంటాసుపత్రికి వెళ్ళాం. మందు చుక్కలు వేసి, మిషన్లో గడ్డం పెట్టించి చాలాసేపు చూశారు. కంటి వెనకాల పొర మధ్యలో పాడవుతోందట. రెండు కళ్ళకీ ఉంది, కుడివైపు ఎక్కువ. పోయిన చూపు తిరిగి రావడం కష్టమంది డాక్టరమ్మ. ఉన్నదెంత కాలం ఉంటుందో ఇంకా పరీక్షలు చేస్తేగాని చెప్పలేనంది. మన ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగితే లేదనేశాను. తరవాత నాన్న గుర్తొచ్చారు.

నాన్న పట్టపగలు సైకిలుతో సహా కాలవలో పడ్డారు. కళ్ళు తిరిగాయన్నారు అందరూ. మనమూ అలాగే అనుకున్నాం. ఆఖరి రోజుల్లో ఆయన మన మొహం చూడకుండా చెవి పక్కగా ఎటో చూస్తూ మాట్లాడేవారు. కోపమనుకుని నువ్వు కూడా ఆయనతో ముభావంగా ఉండేవాడివి. ఇప్పుడు నేను మీ బావగారితో అలాగే మాట్లాడుతున్నాను. పక్కకి చూస్తేనే ఆయన మొహం కాస్త కనబడుతుంది.

ఇదంతా చెప్పాక డాక్టరమ్మ అడిగింది, "మీకు తోడబుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ?"

"అన్నయ్య ఉన్నాడండి. వ్యాన్ నడుపుతాడు."

"సరుకు వ్యానా అండీ?"

"కాదండి. బడిపిల్లల్ని ఎక్కించుకెళ్ళేది."

ఆవిడ రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది. "ముందు ఆయన్ని తీసుకురండి" అంది.

నీకు ఉందని ఆవిడ అనలేదు. ఉండకపోవచ్చు, నాకే రాసిపెట్టి ఉండొచ్చు. నేనూ వెయ్యి దేవుళ్ళకి మొక్కుకుంటూ వచ్చాను. కానీ ఏలూరు నుంచి బస్సులో వస్తున్నంతసేపూ నువ్వు పోయిన నెల మా ఇంటికి వచ్చినప్పటిదే కళ్ళ ముందు మెదిలింది. వ్యాన్ దిగి తువ్వాలుతో అద్దం తుడిచావు. లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి, మళ్ళీ వెళ్ళి తుడిచావు. "కొల్లేటి గాలికి అద్దం ఊరికే మసకబారిపోతోందే" అన్నావు. నేను అద్దం మీద వేలు పెట్టి గీస్తే వేలికి ఏమీ అంటలేదు. ఆకివీడు దాటాక రోడ్డు మీద తెల్లగీత పాములా మెలికలు తిరిగిందని, గీత వేసినవాడు తాగి ఉంటాడని నవ్వించావు. అందరం నవ్వాం. వెళ్ళేటప్పుడు మా గేటుకి రాసుకుంది వ్యాన్. ఆ గీత ఇంకా గేటు మీద ఉంది. నేను చూడలేను, చేత్తో తడిమితే తెలుస్తుంది.

మొన్న ఫోనులో ఈ మాటే మొదలుపెడితే, "మచ్చా లేదు గిచ్చా లేదు, ముందు నీ కళ్ళు చూసుకో" అని పెట్టేశావు. నీ గొంతులో కోపం లేదు అన్నయ్యా. భయపడ్డావు. నీకు ముందే తెలుసనిపించింది నాకు.

మార్తాకి క్షమించమని రాశాను. నా పేరున మిగిలిన నిమిషాలతో వారానికోసారి అదే గుత్తి ఫొటో తీసి పంపమన్నాను. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఫొటోల్లో మార్పు లేదు. మచ్చ అంచున మొదట్లో ఒక ఎర్రటి చుక్క ఉండేది. అది ఇప్పుడు పాత ఫొటోలో కూడా కనబడటం లేదు. అంత తొందరగా నడుస్తోంది ఇది. అందుకే ఆగలేకపోయాను.

నిన్న మీ బడి ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "మీ అన్నయ్యగారికి తెలుసా అండీ, మీరు నాతో చెబుతున్నట్టు?" అని అడిగారు. తెలీదండి, రేపు తెలుస్తుందండి అన్నాను. రేపు సోమవారం నుంచి వేరే డ్రైవరు వస్తాడు. డాక్టరు కాగితం తెచ్చేదాకా నిన్ను ఎక్కనివ్వరు. కాగితంలో బాగుందని వస్తే నీ వ్యాన్ నీదే, నేను వచ్చి మీ బడి వాకిట్లో అందరి ముందూ నీకు క్షమాపణ చెబుతాను. చెల్లెలై ఉండి కడుపు మీద కొట్టిందని అనుకుంటావు. అనుకో. పిల్లల్ని ఎక్కించుకుని నువ్వు కాలవ గట్టు మీద వెళుతుంటే ఇక్కడ నేను నోట్లో ముద్ద పెట్టుకోలేను.

రేపు నువ్వూ మీ బావగారూ పొద్దున్న రైలుకి ఏలూరు రండి. నేను ఆసుపత్రి దగ్గర ఉంటాను. ఒక్కదాన్నే వస్తాను, నాకు ఇంకా దారి తెలుస్తోంది, కంగారుపడకు. వచ్చేటప్పుడు నాన్న పాత కళ్ళజోడు అమ్మ పెట్టెలో ఉంటే తీసుకురా, డాక్టరమ్మ చూస్తానంది. అమ్మకి మాత్రం నాకు కళ్ళజోడు మార్పించడానికి వెళుతున్నామని చెప్పు. వదినకి నా నమస్కారాలు. వీధిలో పెద్దలందరినీ అడిగానని చెప్పు. నువ్వు తిట్టినా నాకది దీవెనే, నాన్న తరవాత నన్ను తిట్టే హక్కు నీ ఒక్కడికే ఉంది.

చదవడం అయిపోయాక వ్యాన్ తాళం మీ బావగారి చేతికివ్వు. అది తీసుకోకుండా లేవొద్దని ఆయనతో చెప్పి పంపాను.

ఎప్పటికీ నీ చెల్లెలు,
పద్మ