మీటర్లకు పెట్టిన బొట్టు

కొడకండ్ల,
సోమవారం.

చిరంజీవి ఉపేందర్‌కు అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ బాపు, రెండు బర్రెలు క్షేమం. ఘనపూర్‌లో నువ్వు, కోడలు భాగ్య క్షేమమని అనుకుంటున్నాను. అనుకున్న మరు నిమిషమే మళ్లీ భయమవుతుంది, ఏం చేయను. అక్షరాలు వంకరగా ఉంటే కూడబలుక్కుని చదువుకో. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

నా మోకాలు ఎట్లుందని అడిగావు. మెట్లెక్కనంత వరకు బాగానే ఉంటుంది. భాగ్య దగ్గు తగ్గకపోతే దవాఖానకు తీసుకుపో, ఊరికే అల్లం రసంతో సరిపెట్టకు. ట్రాక్టర్‌ను పాత ఇనుముకు అమ్మేశారా అని కూడా రాశావు. అమ్మలేదు. ఇంజన్ పని నిరుడే చేయించినా, మీటర్లు పనిచేయక, స్విచ్ తిరగక, వైర్లు కలిపి స్టార్ట్ చేయాల్సి వస్తోందని పక్కన పెట్టాం కదా. పోయిన వారం మీ బాపు ఆ మీటర్ల పలక మొత్తం ఊడదీసి, బియ్యం సంచిలో చుట్టి, తొర్రూరులో మెకానిక్ రాంజీ దగ్గరికి బయలుదేరాడు. బస్సులో ఎవరైనా కాలు పెడతారేమోనని నేనూ వెంట పోయి, దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

రాంజీ హీట్ మీటర్ అద్దం తీసి, లోపలికి చూసి నవ్వాడు.

“యాకన్నా, గిండ్ల కూర వండిన్రా ఏంది? ముల్లు మొదట్ల పసుపు గడ్డకట్టింది.”

“పసుపెట్ల వోతది? తుప్పేమో చూడు” అన్నాడు మీ బాపు.

“తుప్పు నాకెర్కలేదా? కొబ్బరినీళ్లు వడి బంకయ్యింది. చాబీ వెట్టే బొక్కల గూడ కుంకుమే. గిట్ల అతుక్కుంటే నీళ్లు మరిగినా ముల్లు నడిమిట్లనే నిలవడుతది.”

నేను ఖాళీ సంచిని మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాను.

రాంజీ ముళ్లను కిరోసిన్‌తో కడిగి, అంకెలు చెరగకుండా దూదితో తుడిచి, అద్దాలకు కొత్త రబ్బర్లు వేశాడు. స్విచ్ లోపలి ఇత్తడి ముక్కలు గీకి శుభ్రం చేశాడు. నిన్న ఇంటికొచ్చి అన్నీ బిగించి, రెండు కొత్త తాళంచెవులిచ్చాడు. తాళంచెవి తిప్పగానే బండి అందుకుంది. కాసేపటికి హీట్ ముల్లు మెల్లగా లేచింది. అది కదులుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెబుతాను, కోపం చేయకు.

ముందటేడు దసరాకు బండికి పూజ చేసినప్పుడు “బానెట్‌కు వెడితే సాలు, అమ్మా” అన్నావు. నువ్వు అటు పోయాక, ఏ ఒక్కదాన్ని వదిలినా దానికే కీడు తగులుతుందేమోనని ప్రతి మీటరుకూ, తాళంచెవి సందుకూ తడి పసుపు పూసి బొట్టు పెట్టాను. కొబ్బరినీళ్లూ వాటి మీదే పోశాను. యాసంగి నాటుకు నీళ్లు పెట్టిన మడిలో కరిగెట దున్నుతుండగా ఇంజన్ వేడెక్కి పట్టేసిన నాడు, “ముల్లు లేవనేలేదు బాపూ” అని నువ్వు ఎంత మొత్తుకున్నా, ఫోన్ చూసుకుంటూ తోలావని ఆయన నలుగురిలో తిట్టాడు. ఆ సాయంత్రం చూస్తే అద్దం అంచున పసుపు దిగి ఉంది. నాకు అనుమానం వచ్చింది బిడ్డా. తడిగుడ్డతో పైపైన తుడిచేసి నోరు మూసుకున్నాను. నువ్వు ఇల్లు విడిచి పోతుంటే కూడా తెరవలేదు.

నిన్న రాంజీ పోయాక మీ బాపుకు అంతా చెప్పాను. ఆయన వెళ్లి బండి మీద చాలాసేపు కూర్చున్నాడు. దిగొచ్చి, “రాంజీ రెండు చాబీలిచ్చిండు గదా, ఇంకోటేది?” అన్నాడు. ఎక్కడైనా పారేస్తాడేమోనని భయపడుతూనే ఇచ్చాను.

“వాడు ఆనాడే జెప్పిండు. నేనే ఇనలే. నువ్వు రాసే కవర్ల గిది వెట్టు” అన్నాడు. కాగితంలో చుట్టింది ఆయనే. అందుకే ఆ మడతలు అంత మోటుగా ఉన్నాయి.

నాట్లకు ఇంకా ఇరవై రోజులున్నాయి. ఈ దసరాకు బొట్టు బానెట్‌కే పెడతాను, నువ్వు పక్కన నిలబడి చూడు. తాళంచెవి చిల్లు జేబులో వేసుకుని బస్సెక్కకు.

ఇట్లు,
మీ అమ్మ
సమ్మక్క