గ్లాసులో ఆరు చీటీలు

ఫిబ్రవరి 27

మెట్ల దగ్గర ఓనరు పిన్నిగారు ఆపారు. మూడు నెలలుగా అద్దె రాలేదట. నీకు చెప్పొద్దని మీ ఆయన బతిమాలాడమ్మా, కానీ ఎన్నాళ్ళని దాచను అన్నారు. ఎవరో వచ్చి ఇల్లు చూసి వెళ్ళారట, అడ్వాన్సు చేతిలో పెట్టుకుని తిరుగుతున్నారట. మార్చి నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత నన్ను ఏమీ అనుకోవద్దు అన్నారు. చెడ్డావిడేం కాదు. ఆవిడ మందులన్నీ ఈ అద్దెలోంచే వస్తాయి. మా మెడికల్ షాపులో ఆ మందులకి బిల్లు కొట్టేది నేనే.

తల కొట్టేసినట్టయింది.

పైకొచ్చేసరికి ఈ మనిషి బాల్కనీలో ఈల వేసుకుంటూ బట్టలు ఆరేస్తున్నాడు. టీ పెట్టనా అన్నాడు. పెట్టమన్నాను. అద్దె సంగతి అడగలేదు. మా ఇంట్లో అది అడగకూడదు.

ఫిబ్రవరి 28

పెళ్ళయిన మొదటి నెల, వేరే గదిలో ఉన్నప్పుడు, కరెంటు బిల్లు మీద మేం రెండు రోజులు మాట్లాడుకోలేదు. తను కడతానన్నాడు, నేను కడతానన్నాను. ఇద్దరికీ పౌరుషం మాత్రం నిండుగా ఉండేది. ఆయన కొత్తగా లిఫ్టు మెకానిక్కు. నేను మెడికల్ షాపులో కొత్తగా క్యాషు. ఆ తర్వాత ఈ ఇంట్లో దిగింది మార్చి 15న. ఒక చాప, రెండు సూట్‌కేసులు, ఒకటే స్టీలు గ్లాసు. టీ కూడా వంతులేసుకుని తాగేవాళ్ళం.

ఆ సాయంత్రం ఆయన పాత క్యాలెండరు చింపి ఆరు చీటీలు రాశాడు. అద్దె, కరెంటు, గ్యాస్, సరుకులు, పాలు, ఫోను. మడతపెట్టి గ్లాసులో వేసి గలగలలాడించాడు. చెరి మూడు. ఏడాదంతా ఎవరి చీటీ వాళ్ళదే. రెండోవాళ్ళు అడగకూడదు, సాయం చెయ్యకూడదు. నాకు పాలు, గ్యాస్, ఫోను వచ్చాయి. లాటరీ కొట్టినట్టు చాప మీద గంతులేశాను. ఆయనకి అద్దె వచ్చింది. పాపం అన్నాను.

అప్పటినుంచి ఏటా మార్చి 15న అదే తంతు. పాప పుట్టిన ఏడాది ఆస్పత్రి మంచం మీద తీశాం. నర్సమ్మ మేమేదో జూదం ఆడుతున్నామనుకుని గదమాయించింది. పాపకి ఆరేళ్ళప్పుడు తనకీ ఒక చీటీ కావాలని ఏడిస్తే, చాక్లెట్లు అని రాసిచ్చాడు. అది చదువుకుని, అంటే నేను కట్టాలా అని ఇంకా గట్టిగా ఏడ్చింది. ఇప్పుడు హాస్టల్లో ఉంది. ఫోనులో ఈ మాటెత్తితే సిగ్గుపడుతుంది.

ఎంత బాగుండేవి ఆ రోజులు! డబ్బు లేదు, కానీ డబ్బంటే భయమూ లేదు.

మార్చి 4

ఆయన చెప్పులు చూశాను. మడమల దగ్గర అరిగి అట్టముక్కల్లా అయ్యాయి.

మార్చి 7

నా దగ్గర డబ్బుంది. బ్యాంకులో నెలనెలా వేసుకున్న ఆర్డీ తీస్తే నాలుగు నెలల అద్దె కట్టెయ్యొచ్చు. కట్టేస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట ఆయన వంతు ఫోను బిల్లు ఆలస్యమైతే చూడలేక నేనే కట్టేశాను. నాలుగు రోజులు అన్నం తిన్నాడు, నీళ్ళు తాగాడు, నాతో మాత్రం మాట్లాడలేదు. ఐదో రోజున, నన్ను చేతకానివాణ్ణి చేశావు అన్నాడు. ఆ గొంతు ఇంకోసారి వినలేను.

అలాగని ఇల్లు పోగొట్టుకోనా? పాప ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు ఇంకా వంటింటి తలుపు మీదే ఉన్నాయి. ఒక్కటే దారి. 15న అద్దె చీటీ నాకు రావాలి. అప్పుడు పాత బాకీతో సహా అడిగి కట్టే హక్కు నాది.

కానీ ఆ చీటీ ఆయన్ని వదలదు కదా. పద్దెనిమిదిసార్లు తీశాం, పద్దెనిమిదిసార్లూ ఆయనకే. నీ జాతకంలోనే అద్దె రాసిపెట్టి ఉందయ్యా అని ఎన్నిసార్లు నవ్వానో.

మార్చి 11, మధ్యాహ్నం 2

భోజనం దగ్గర ఈ విషయం మా ఫార్మసిస్టు అక్కకి నవ్వుతూ చెప్పాను. అక్క నవ్వలేదు. చీటీలు రాసేదెవరు అంది. ఆయనే. ముందు తీసేదెవరు? నేనే, లేడీస్ ఫస్ట్ అంటాడు. నువ్వు మూడు తీశాక గ్లాసులో ఎన్ని మిగిలాయో ఎప్పుడైనా చూశావా అంది.

చూడలేదు.

రోజంతా నోట్లు లెక్కపెట్టే మొహం నాది! ఆరంటే ఆరు చీటీలు ఒక్క ఏడాదీ లెక్కపెట్టలేదు. అద్దె చీటీ గ్లాసులో పడితే కదా నాకు వచ్చేది. అది ఆయన గుప్పిట్లో ఉండేది. నేను తీశాక ఖాళీగా కనిపించే చెయ్యి లోపల పెట్టి మూడు బయటికి తెచ్చేవాడు.

ఆ తర్వాత ఒకాయనకి చిల్లర రెండుసార్లు ఇచ్చాను. మంచివాడు, తిరిగిచ్చాడు.

మార్చి 11, రాత్రి

కోపంగా ఉంది. ఏడుపూ వస్తోంది. ఏది ముందో తెలియడం లేదు. మొదటి ఏడాది నా జీతం అద్దెలో సగం కూడా లేదు, నిజమే. తర్వాత పెరిగింది కదా! ఐదేళ్ళుగా ఆయన కంటే నాకే ఎక్కువ వస్తోంది. అయినా నన్ను పాలకీ గ్యాసుకీ పరిమితం చేశాడు. ముద్దు చేశాడా, నమ్మలేదా?

పక్కన గురక పెడుతున్నాడు. లేపి తిట్టాలనిపించింది. దుప్పటి సర్ది పడుకోబోతున్నాను.

మార్చి 14

పాత క్యాలెండరు చింపి నేనూ ఒక అద్దె చీటీ రాశాను. ఆయన మడత పెట్టినట్టే పెట్టాను. స్నానాల గదిలో తలుపేసుకుని గుప్పిట్లో దాచడం ప్రాక్టీసు చేశాను. ఈ వయసులో ఇదేం బుద్ధో. నా చీటీ చూశాక తనది జేబులో వేసుకుని నోరు మూసుకుంటాడు, దొంగ దొంగని పట్టుకోలేడు కదా అని ధైర్యం.

మార్చి 15, సాయంత్రం 7.30



చాప వేశాడు. సోఫా ఉన్నా ఈ ఒక్కరోజు చాపే. గ్లాసు గలగలలాడించి లేడీస్ ఫస్ట్ అన్నాడు. రెండే తీశాను. గుప్పిట్లోది కలిపి మూడు. తర్వాత ఆయన చెయ్యి పెట్టాడు. రెండు ఉండాల్సిన చోట మూడు తగిలాయి. చెయ్యి లోపలే ఆగిపోయింది. నా మొహం చూశాడు. నాకు నటన చేతకాదు. చప్పున నా చీటీ తెరిచి, హమ్మయ్య, ఇన్నాళ్ళకి అద్దె నాకొచ్చింది అన్నాను.

ఆ కాగితం వైపు చూశాడు. తన గుప్పిట్లోది జేబులో వేసుకుంటాడనుకున్నాను. వేసుకోలేదు. గ్లాసు బోర్లించాడు. మూడు చీటీలు పడ్డాయి. వాటి పక్కన గుప్పిట విప్పి నాలుగోది పెట్టాడు. అదీ అద్దె.

ఎప్పుడు తెలిసింది అన్నాడు. ఏది, చీటీ సంగతా, అద్దె సంగతా అన్నాను. ఆయన మొహం తిప్పేసుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడేమో అనుకున్నాను. కాదు.

అప్పుడు చెప్పాడు. నవంబరులో కంపెనీ సగం మందిని తీసేసిందట. అప్పటినుంచి ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి రోజుకూలీకి వెళ్తున్నాడట. మొదట్లో నీ జీతం తక్కువని అద్దె చీటీ దాచాను, తర్వాత అలవాటైపోయింది, ఆ ఒక్క చీటీ నా చేతిలో ఉంటే నేను ఇంకా పనికొస్తానని అనిపించేది అన్నాడు.

పనికిరావడమేంటి నీ మొహం అని తిట్టాను. పద్దెనిమిదేళ్ళు నన్ను చిన్నపిల్లని చేసి ఆడించావు, ఒక్క ఏడాది నన్నూ పెద్దదాన్ని కానివ్వలేదు అని అరిచాను. తప్పయిందే అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆకలేసింది. ఉప్పు ఎక్కువైన కూర వంక పెట్టకుండా తినేశాం.

మార్చి 20

ఆర్డీ తీసేశాను. బ్యాంకుకి ఆయనా వచ్చాడు. లోపలికి రానన్నాడు, బయట నిలబడ్డాడు. సరే.

మార్చి 29

నాలుగు నెలల అద్దె ఇచ్చేశాం. ఇద్దరం కిందికి దిగాం. ఓనరు పిన్నిగారు అలవాటుగా ఆయన వైపు చెయ్యి చాపారు. ఆయన పక్కకి జరిగాడు. ఇకమీదట అద్దె మా ఆవిడదే పిన్నిగారూ, ఆలస్యమైతే ఆవిడనే అడగండి అన్నాడు. నవ్వాలని చూశాడు, పూర్తిగా రాలేదు. రాత్రి చాలాసేపు బాల్కనీలోనే ఉన్నాడు. నేను పిలవలేదు. కాసేపు ఉండనీ.

ఏప్రిల్ 2

పొద్దున పనికి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. బస్సుకి డబ్బులున్నాయా అని అడిగాడు. నన్ను. మామూలుగా, ఉప్పు ఉందా అన్నట్టు.

పర్సు మొత్తం ఆయన చేతిలో పెట్టేశాను. ఆయన మలుపు తిరిగాక గుర్తొచ్చింది, నా బస్సు డబ్బులూ అందులోనే ఉన్నాయి. షాపుకి నడిచే వెళ్ళాను.