అరటిపువ్వు కూర

మంగళవారం

పొరపాటు జరిగితే నష్టం పెద్దదైన చోట, సరిచూసుకోకుండా "నాకు తెలుసు" అనే హక్కు ఎవరికీ లేదని పొద్దున్న ఫిలాసఫీ క్లాసులో గంటసేపు వాదించాను.

మధ్యాహ్నం భవానీపూర్ ఇంటికొచ్చేసరికి, కింద ఫ్లాటు బెంగాలీ అక్క మితాలీదీ పంపిన అరటిపువ్వు కూర ఉంది. పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టని అత్తయ్య, "ఇందులో ఏటీ కలపనేదు కదమ్మా?" అంది.

"అరటిపువ్వులో ఏం కలుపుతారత్తయ్యా? నాకు తెలుసు, తినండి."

ఇష్టంగా తింది.

సాయంత్రం గిన్నె తిరిగి ఇవ్వబోతే, "రొయ్యలు నలిపి వేశాను, రుచి తెలిసిందా?" అని మితాలీదీ అడిగింది. నవ్వి వచ్చేశాను. ఒక్క అంతస్తు దిగి ముందే అడగాల్సింది.

ఇప్పుడు నిజంగానే తెలుసు. చెప్పడానికి నోరు రావడం లేదు.

ఇందాక అత్తయ్య, "ఆ కూర నేర్సుకోమ్మా, ద్వాదశి పారణకి వండుదాం" అంది.

సరేనన్నాను.