వంతెన దాకానే గోడ

చిన్నోడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. నువ్వూ, మరదలూ, నా మేనకోడలూ కులాసాగా ఉన్నారనే అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, రెండు వాక్యాలు రాయడం, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోవడం, ఇలాగే గడిచింది. ఫోన్ చేద్దామంటే నువ్వు "ఊఁ", "సర్లే" తప్ప మూడో మాట అనవు. పైగా నీ వెనకాల ఏదో ఒక పడవ ఇంజను దడదడలాడుతూనే ఉంటుంది. అందుకని ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టి మరీ రాస్తున్నాను.

మీ బావ కంటి ఆపరేషను సంగతి అడిగావు. బాగానే అయింది. ఇన్నాళ్ళూ కనపడని నా తెల్లవెంట్రుకలు ఇప్పుడు కనపడుతున్నాయట. అనవసరంగా చేయించానేమో అనిపిస్తోంది. నా మోకాలు ఎప్పటిలాగే ఉంది, మెట్లు దిగేటప్పుడు మాత్రం సణుగుతుంది. మేనకోడలు పడవల పని నేర్చుకుంటానని పట్టుపట్టిందనీ, నన్నే నచ్చజెప్పి మాన్పించమనీ రాశావు. నేను మాన్పించను. నీ దగ్గర పనికి చేరినవాళ్ళెవరూ నిలవరు, నీ నోరు అలాంటిది. ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ ఆ నోటిని భరిస్తోంది. అంతకంటే అర్హత ఏం కావాలి?

ఇంజనీర్లు వచ్చి దీపస్తంభాల మీద ఎర్ర రంగు గీతలు గీశారనీ, సముద్రానికి అడ్డంగా గోడ వస్తున్నట్టేనా అనీ, అయితే షెడ్డులో గచ్చు ఎత్తు పెంచి పెద్ద లేత్ మిషను దింపుతాననీ రాశావు. దానికి వస్తాను. ముందు ఇంకోటి చెప్పనీ.

"ఇంత చదివి రోజంతా ఏం చేస్తావే అక్కా?" అని ఎప్పట్లాగే వెక్కిరించావు. ఈసారి నవ్వి ఊరుకోను.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు నా పని పొగ తగ్గించే దారి చూపించడం. బొగ్గు మండించేవాళ్ళు ఆ పొగవల్ల ఊళ్ళకు జరిగే నష్టాన్ని కూడా ధరలో కలిపి కట్టాలి, అప్పుడు వాళ్ళే వేరే దారి వెతుక్కుంటారు. మేం రాసిన పన్ను ప్రతిపాదన సారాంశం ఇంతే. అప్పట్లో నా జుట్టు నల్లగా, నమ్మకం గట్టిగా ఉండేవి. మొదటి మంత్రిగారు మొత్తం చదివి అద్భుతమన్నారు, ఎన్నికలయ్యాక చూద్దామన్నారు. ఎన్నికలయ్యాయి, ఆయన ఓడిపోయారు. రెండో ఆయన, "మీరు చెప్పేది మీకే అర్థమవుతుందమ్మా, మా ఓటరుకి కరెంటు బిల్లు అర్థమవుతుంది" అన్నారు. మూడో ఆయన నిజంగానే చట్టం చేశారు. ఆ రోజు ఆఫీసులో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఆ తర్వాతి ప్రభుత్వం వచ్చీ రాగానే దాన్ని రద్దు చేసింది. రద్దుకి కారణాలు రాసిపెట్టమని మా విభాగానికే పంపారు. మేమే రాసి ఇచ్చాం.

పొగ తగ్గలేదు, భూమి వేడెక్కుతూనే ఉంది కాబట్టి మా పని మారింది. సముద్రం ఎంత పైకొస్తుంది, ఏ ఊరికి ఎంత నష్టం, అది చెప్పమన్నారు. చెప్పాం. పోయినేడాది కొత్త సంఘం వేశారు. తీరం పొడుగునా గోడ కట్టడం కుదరదు, ఎక్కడ కట్టాలో ఎక్కడ మానాలో తేల్చమన్నారు. పొగను ఆపుదామని బయల్దేరినదాన్ని, చివరికి ఎవరిని వదిలెయ్యాలో చెప్పే బల్ల దగ్గర తేలాను. మధ్యలో ఎక్కడ దారి తప్పానో ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

ఆ బల్ల దగ్గర ఒక లెక్క ఉంటుంది. ఇవాళ నీ షెడ్డు మునిగితే నష్టం నష్టమే. నీ కూతురు నీ వయసుకి వచ్చాక మునిగిందనుకో, అదే షెడ్డు, అదే నీరు, మా లెక్కలో మాత్రం ఆ నష్టం చిక్కి సగమైపోతుంది. దాని మనవల కాలానికి చిటికెడు కూడా మిగలదు. దూరంగా ఉన్న నష్టం చిన్నదని మేం ముందే ఒప్పుకుని లెక్క మొదలుపెడతాం. ఎంత వేగంగా చిక్కాలన్నదాని మీదే నేను ఏడాదంతా పోట్లాడాను. ఆర్థిక శాఖనుంచి వచ్చే అధికారి ఒకాయన ఉన్నాడు, మేం ఆయన్ని చాటుగా కత్తెర అంటాం. ఆయనన్నాడు, "మేడమ్, మీరు చెప్పినట్టు చేస్తే ప్రతి ఊరికీ గోడ కట్టాల్సొస్తుంది."

"కట్టాల్సిందేగా మరి" అన్నాను.

అందరూ నవ్వారు. జోకు వేశాననుకున్నారు.

ఇక దాచి లాభం లేదు. మన ఊరి పటం బల్ల మీదకి వచ్చిన రోజు, మొదలుపెట్టకముందే నేను లేచి చెప్పాను. "మా తమ్ముడు వంతెన అవతలి వీధిలో ఉంటాడండి. ఇల్లూ, పడవల షెడ్డూ రెండూ అక్కడే." అలా చెప్పాలన్నది నియమం. నియమం కాకపోయినా చెప్పేదాన్నే.

సంఘానికి అధ్యక్షుడైన పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చెప్పి మంచిపని చేశారమ్మా. ఆ వీధి సంగతి తేలేదాకా మీరు కాస్త బయట కూర్చోండి."

"కూర్చుంటానండి. కానీ ఈ గదిలో ఆ వీధి తెలిసింది నాకొక్కదానికే."

"అందుకేగా బయట కూర్చోమంటున్నది" అన్నాడు కత్తెర. ఎగతాళిగా కాదు, మామూలుగానే.

వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాంట్లో కూర్చున్నాను. తుడిచే ఆమె వచ్చి "కాళ్ళు కాస్త పైకెత్తండమ్మా" అంటే ఎత్తాను. లోపల మాటలు వినిపిస్తున్నాయి కానీ ముక్క అర్థం కావడంలేదు. ఒకసారి ఎవరో నవ్వారు. మన వీధి గురించి కాకపోవచ్చు. నేను చెప్పాల్సినవి మనసులోనే వరస పెట్టుకుంటున్నాను. అక్కడున్నది పాత రేకుల షెడ్డే, నిజమే. కానీ చుట్టుపక్కల రేవుల్లో పడవలన్నీ బాగుపడేది అక్కడే. ఆ షెడ్డు మూతపడితే చెడిన ఇంజనుతో ఎవడూ సముద్రంలోకి పోలేడు. మీ పట్టికలో రేకుల విలువ ఉంది, పడవలు లేవు. ఆ వీధిలో ఇళ్ళు పాతబడ్డాయంటే జనం చేతకాక కాదు, గోడ వస్తుందో రాదో తెలియక ఎవరూ సున్నం కూడా వెయ్యట్లేదు. మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి, అడిగేవాళ్ళు లేరు.

తలుపు తీసి పిలిచేసరికి వాళ్ళు పక్క ఊరి పటం మీద ఉన్నారు. మన ఊరి పటం మీద గోడ గీత వంతెన దగ్గర ఆగిపోయింది. ఆసుపత్రి, బజారు, బడి, బస్సు స్టాండు గీతకి లోపల. నీ వీధి బయట.

గోడల నమూనాలు గీసే ఇంజనీరమ్మని పక్కకి పిలిచి అడిగాను, "పడవల సంగతి ఎవరైనా ఎత్తారా?"

"నేను అడగబోయానండీ. ఈలోగా టైమైపోయిందన్నారు." నా ముఖం చూసి తల తిప్పుకుంది.

నిజం చెప్పినందుకు బాధపడటం ఇదే మొదటిసారి, చిన్నోడా. నోరు మూసుకుని కూర్చుని ఉంటే నీ తరఫున మాట్లాడి ఉండేదాన్ని. అక్కనని చెప్పగానే అక్కగా పనికిరాకుండా పోయాను. మాట్లాడినా గీత కదిలేది కాదేమో. కదిలేదో లేదో ఎప్పటికీ తెలియకపోవడమే నన్ను తినేస్తోంది.

ఇంటికొచ్చి మీ బావకి చెప్పాను. ఉద్యోగం మానేస్తానన్నాను. ఆయన అడిగారు, "మానేస్తే నీకు నిద్ర పడుతుందా?"

"పట్టదు."

"మానకపోతే?"

"అప్పుడూ పట్టదు."

"అయితే ముందు భోంచెయ్."

తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు. ఆ తర్వాత మానకపోవడానికి ఒక కారణం దొరికింది, అది కారణమో సాకో నువ్వే చెప్పు. గీత బయట మిగిలినవాళ్ళకి వేరే చోట ఇంటి స్థలాలు ఇచ్చే పథకం ఉంది. దాని రాతపని నా చేతిలో ఉంది. నీళ్ళ ఒడ్డున షెడ్డు పోగొట్టుకున్నవాడికి నీళ్ళ ఒడ్డునే చోటివ్వాలని రాశాను. కత్తెర కొట్టేశాడు. మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశాడు. ఇప్పటికి "వీలైనంతవరకు" అనే మాట దగ్గర ఆగింది. ఇన్నేళ్ళ చదువు, ఇన్నేళ్ళ కొలువు, నీకోసం సాధించింది ఆ ఒక్క మాట. ఆ మాటకి అర్థం ఏమీ లేదని నాకు తెలుసు. రాసినదాన్ని నేనేగా.

కాబట్టి గచ్చు వెయ్యకు. లేత్ మిషను దింపకు. ఆ ఎర్ర గీతలు గోడ కోసం కాదు, నీళ్ళు ఎందాకా వస్తాయో చూపించడానికి.

ప్రకటించేదాకా ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను. చెప్పేశాను. పక్కింట్లో వలలు బాగుచేసే ఆమెకి నువ్వు చెప్తావో లేదో నీ ఇష్టం. ఆ ఎర్ర గీతలు చూసి ఆమె కొత్తగా గది కట్టుకుంటోందని రాశావు కదా. చెప్పొద్దని నేనెలా అనగలను? చెప్పమని మాత్రం ఎలా అనగలను?

ఇంకా ఒకటి ఉంది. ఇది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

పోయిన వారం పెద్దాయన తన గదికి పిలిపించారు. కుర్చీ చూపించారు, కాఫీ తెప్పించారు. అప్పుడే అనుమానం వచ్చింది. "వచ్చే నెల ఆ ఊళ్ళో సభ పెట్టి ప్రకటించాలి. మీరే వెళ్ళాలి. మీ ఊరు కదా, మీరు చెప్తే వింటారు."

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "ఆ ఊరిదాన్నని తేల్చేటప్పుడు బయటికి పంపారు. ఇప్పుడు ఆ ఊరిదాన్నని నన్నే ముందుకి తోస్తున్నారా?"

ఆయన తలెత్తలేదు. "నాకింకో దారి కనిపించలేదమ్మా. ఇంకెవరు వెళ్ళినా గొడవవుతుంది."

"నేను వెళ్తే అవదా?"

"తక్కువవుతుంది."

ఆయన చెడ్డవాడు కాదు. గదిలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఒక్క దుర్మార్గుడైనా ఉండి ఉంటే వాణ్ణి తిట్టుకుని ప్రాణం నిమ్మళపరచుకునేదాన్ని. నేను కాదంటే కత్తెర వెళ్తాడు, చదివేసి కారెక్కేస్తాడు. నేనైతే ఎవరేమన్నా నిలబడి వింటాను. వింటే ఎవరికి ఏం ఒరుగుతుందో తెలియదు. సరేనన్నాను.

సభ మన బడి హాల్లో. మరదలికి నువ్వే ముందుగా చెప్పు, అక్కడ నా నోటినుంచి వినకూడదు. ఆ రోజు నీ ఇంట్లోనే దిగాలని ఉంది. నువ్వు వద్దంటే బసకి వేరే చోటు చూసుకుంటాను, మనసులో ఏమీ పెట్టుకోను.

నువ్వు సభకి రా. నేను వేదిక మీద ఉన్నానని వెనక వరసలో తల దించుకుని కూర్చోకు. జనం లేచి అరుస్తారు, నువ్వూ లే. "మా అక్కరా, ఆగండి" అని ఎవరికీ అడ్డం పడకు. మా వీధి ఏం పాపం చేసిందని అందరికంటే గట్టిగా నువ్వే అడుగు. నా దగ్గర జవాబు లేదు. అయినా అడుగు.

ఇట్లు,
ఆ రోజు నిన్ను చూడాలనీ, చూడకూడదనీ అనుకుంటున్న
నీ అక్క