నాలుగు నుంచి ఎనిమిది దాకా

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమీర్‌పేట షాపు నుంచి యాదగిరి అన్న వచ్చి మన కంప్యూటర్ చూశాడు.

నా సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు మధ్యలో అప్‌డేట్ అంటూ అది ఆగిపోయిన రోజు గుర్తుందా? నువ్వే ఏదో నొక్కావని పక్కింటికి వినపడేలా అరిచాను. నువ్వు చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయావు. తర్వాత క్లాసులో అది ఎప్పుడూ ఆగలేదు. నువ్వు దాన్ని ముట్టుకోవడం మానేశావనుకున్నాను.

"సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా దానంతట అదే రీస్టార్ట్ కాకుండ మీ నాన్నే పెట్టిండ్రు మేడం. పంజాగుట్ట నుంచి నడుసుకుంట మా షాపుకొచ్చి, ఎట్ల చెయ్యాల్నో కాయితం మీద రాస్కపోయిండ్రు," అన్నాడు యాదగిరి అన్న.

ఇప్పుడు నా క్లాసులు పొద్దున. "టైం మార్చాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను.

నాలుగింటికి, పనేమీ లేకపోయినా, దాని ముందు కూర్చున్నాను. ఎనిమిది దాకా లేవలేదు.